పరమవీర చక్ర: మా జిరాక్స్ షాపులో రోజూ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

గిద్దలూరులో నాది చిన్న జిరాక్స్ షాపు. అంతకుముందు ఆర్టిలరీలో 17 ఏళ్లు చేసి హవల్దారుగా బయటికొచ్చాను. మా పశ్చిమ ప్రకాశం పల్లెల్లో మిలిటరీకి పోవడం కొత్తేం కాదు. తెల్లారక ముందే నంద్యాల రోడ్డు మీద 1600 మీటర్లు పరుగు తీసే పిల్లలే, పొద్దెక్కాక అగ్నివీర్ కాగితాలు పట్టుకుని నా షాపు ముందు నిలబడతారు. మిషన్ వేడెక్కేలోపు ఏదో ఒకటి అడుగుతారు. అడిగిందే అడుగుతారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా, ఇక మీదట ఇది చదువుకోమని చెప్పేస్తా.

అన్నా, పరమవీర చక్రకీ అశోక చక్రకీ తేడా ఏంది?

రెండూ పెద్దవే. పరమవీర చక్ర శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు చూపిన సాహసానికి ఇచ్చేది. నేల మీదైనా, నీళ్ల మీదైనా, గాల్లోనైనా సరే. అశోక చక్ర యుద్ధరంగం బయట, అంటే ఉగ్రవాదులతో ఎన్‌కౌంటర్ లాంటి వాటిలో. వరసలో భారతరత్న మొదటిది, పరమవీర చక్ర రెండోది, అశోక చక్ర మూడోది. పరమవీర చక్ర తర్వాత యుద్ధానికి ఇచ్చే పతకాలు మహావీర చక్ర, వీర చక్ర. పరీక్షలో ఈ వరస అడుగుతారు, తారుమారు చేసుకోకండి.

1950 జనవరి 26న మొదలుపెట్టారు కానీ 1947 ఆగస్టు 15 నుంచి లెక్కలోకి వచ్చేలా ఆర్డర్ ఇచ్చారు. ఎందుకంటే అప్పటికే కాశ్మీర్ యుద్ధం జరిగిపోయింది, ఇవ్వాల్సిన వాళ్లు అప్పటికే ఉన్నారు, కొందరు లేరు.

ఎంతమందికి వచ్చింది?

21 మందికి. 22 అని ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతూ ఉంటుంది, నమ్మకండి. అందులో 14 మందికి చనిపోయాక ఇచ్చారు. 20 మంది ఆర్మీ, ఒక్కరు ఎయిర్‌ఫోర్స్. 1999 కార్గిల్ తర్వాత మళ్లీ ఎవరికీ రాలేదు. ఇది రాసేనాటికి బతికున్నవాళ్లు ముగ్గురు: బాణాసింగ్, యోగేంద్ర సింగ్ యాదవ్, సంజయ్ కుమార్.

బంగారందా మామా?

కాదు. కంచు. అడ్డంగా కొలిస్తే మూడున్నర సెంటీమీటర్లు ఉంటుందంతే. ఊదారంగు రిబ్బన్. మధ్యలో మూడు సింహాల గుర్తు, చుట్టూ నాలుగు వజ్రాయుధాలు. దధీచి మహర్షి తన ఎముకలిస్తే దాంతో ఇంద్రుడికి వజ్రాయుధం చేశారని మనం చిన్నప్పుడు విన్నదే, ఆ కథే ఆ పతకం మీద ఉంది.

దీన్ని గీసినావిడ సావిత్రీ ఖానోల్కర్. పుట్టింది స్విట్జర్లాండ్‌లో, ఆర్మీ ఆఫీసర్ విక్రమ్ ఖానోల్కర్‌ని పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయి, మన పురాణాలు మనకంటే బాగా చదువుకుంది. విచిత్రం ఏందంటే మొట్టమొదటి పతకం ఆమె పెద్దల్లుడి అన్నకే వెళ్లింది. ఆయనే మేజర్ సోమనాథ్ శర్మ.

ఆ సోమనాథ్ శర్మ ఏం చేశాడు?

1947 నవంబర్ 3, శ్రీనగర్ దగ్గర బడ్గామ్. 4 కుమావ్ పటాలం. హాకీ ఆడి ఎడమచెయ్యి విరిగింది, పిండికట్టు వేసి ఉంది, రావద్దన్నారు. అయినా కంపెనీతో పాటు వెళ్లాడు. పాకిస్తాన్ వైపు నుంచి వందల మంది మీదకొస్తున్నారు, వెనక శ్రీనగర్ విమానాశ్రయం ఉంది, అది పోతే మనవాళ్లు దిగడానికి చోటే లేదు. మనుషులు పడిపోతుంటే ఆ ఒంటిచేత్తోనే మెషిన్ గన్‌కి గుళ్లు నింపి ఇస్తూ తిరిగాడు. శత్రువు యాభై గజాల్లో ఉన్నాడు, ఒక్క అంగుళం కూడా వెనక్కి రాము అని వైర్‌లెస్‌లో చెప్పిన కాసేపటికే, పక్కనున్న మందుగుండు మీద మోర్టార్ పడింది. మూడు రోజులకు గానీ శవం దొరకలేదు. దొరికాక కూడా తోలు పిస్తోలు సంచి, జేబులో ఉన్న భగవద్గీత పుటలు చూసి గుర్తుపట్టారు.

పిండికట్టుతో మ్యాగజైన్ నింపడం ఎంత కష్టమో తెలియాలంటే ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని టిఫిన్ క్యారియర్ మూత తీసి చూడండి.

ఎవరు ఎంపిక చేస్తారు? ఢిల్లీలో పెద్దవాళ్లు తెలిసుండాలా?

ఈ ప్రశ్న అడిగే పద్ధతే నాకు నచ్చదు కానీ చెబుతా. పతకం ముందు ఒక కాగితం. ఎవడో ఒకడు చూడాలి. చూసినవాడు బతికి రావాలి. వచ్చి చెప్పాలి. చెప్పింది యూనిట్‌లో రాయాలి, సీఓ, అంటే ఆ పటాలాన్ని నడిపే ఆఫీసర్, సంతకం పెట్టాలి. దాన్ని సైటేషన్ అంటారు. అది బ్రిగేడ్‌కి, డివిజన్‌కి, కమాండ్‌కి, ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌కి, రక్షణ శాఖకి పోయి, చివరికి రాష్ట్రపతి ఆమోదంతో గెజిట్‌లో వస్తుంది. దారిలో ఎక్కడైనా ఇది మహావీర చక్రకి సరిపోతుంది, వీర చక్రకి సరిపోతుంది అని తగ్గించవచ్చు.

నేను రోజంతా కాగితాలతోనే బతికేవాణ్ణి కాబట్టి నాకు ఇదే ఎక్కువ పడుతుంది బుర్రలో. ధైర్యం చేసినవాళ్లు అందరూ ఆ 21 మందేనా? కాదు. ఎవరూ చూడని చోట, చూసినవాళ్లు కూడా పడిపోయిన చోట చేసినవాళ్లకి సైటేషన్ రాసేవాడే లేడు. ఆ 21 మందికీ రాసినవాడు ఒకడు మిగిలాడు.

మరి చూసినవాళ్లు ఎవరూ మిగలకపోతే ఎట్లా?

రెజాంగ్ లా చదవండి. 1962 నవంబర్ 18, చైనాతో యుద్ధం, లద్దాఖ్, చుషూల్ దగ్గర, 16 వేల అడుగుల పైన. మేజర్ షైతాన్ సింగ్, 13 కుమావ్ చార్లీ కంపెనీ, 120 మంది దాకా, ఎక్కువమంది హర్యానా వైపు అహీర్లు, అంటే మన లెక్కలో గొల్లవాళ్లు. మధ్యలో కొండ అడ్డం ఉండి మన ఫిరంగులు వాళ్లకి సాయం చేయలేవు. మా ఆర్టిలరీ వాళ్లకు ఈ మాట ఎప్పుడు విన్నా గొంతులో ముల్లు దిగినట్టుంటుంది. ఆ చలికి సరైన బట్టలు లేవు, తుపాకులు పాత త్రీ నాట్ త్రీలు. 110 మందికి పైగా అక్కడే పోయారు.

మిగిలిన కొద్దిమంది వచ్చి ఇట్లా పోరాడాం అని చెబితే మొదట చాలామంది నమ్మలేదు. అంతమంది చివరిదాకా నిలబడ్డారంటే కథలా అనిపించింది. మంచు పడి అంతా మూసుకుపోయింది. 1963 ఫిబ్రవరిలో ఒక లద్దాఖీ గొర్రెల కాపరి అటు పోయి చూశాడు. తర్వాత మనవాళ్లు వెళ్తే, బంకర్లలో గడ్డకట్టి ఎట్లా ఉన్నవాళ్లు అట్లాగే ఉన్నారు. చేతుల్లో తుపాకులు, నర్సింగ్ చేసే జవాను చేతిలో సిరంజి, బ్యాండేజి. వెయ్యి మోర్టార్ బాంబుల్లో ఏడు మాత్రమే వాడకుండా మిగిలాయి. అక్కడ శవాలే సాక్ష్యం చెప్పాయి. షైతాన్ సింగ్‌కి పరమవీర చక్ర వచ్చింది.

చనిపోతేనే ఇస్తారంట కదా?

కాదు అని పైన లెక్కలోనే ఉంది, ఏడుగురు బతికుండగానే తీసుకున్నారు. ఇందులో మేజర్ ధన్ సింగ్ థాపాది వేరే కథ. 1962 అక్టోబర్ 20, పాంగాంగ్ సరస్సు దగ్గర సిరిజాప్ పోస్టు. చనిపోయాడనుకుని పతకం ప్రకటించారు. ఇంట్లో వాళ్లు కర్మకాండలు కూడా చేసేశారు. తీరా చూస్తే చైనా వాళ్ల దగ్గర యుద్ధఖైదీగా ఉన్నాడు, 1963లో తిరిగొచ్చాడు. కాగితం తప్పు కావడం ఎంత సంతోషమో ఆ ఇంటివాళ్లనే అడగాలి.

మన తెలుగువాళ్లకు ఒక్కరికీ రాలేదా?

రాలేదు. ఈ ప్రశ్న అడిగాక పిల్లల మొహాలు చిన్నబోతాయి, అందుకే కొంచెం పొడుగ్గా చెబుతా.

ఇది ప్రాంతాల వారీ కోటా కాదు. ఆ రాత్రి ఏ కొండ కింద ఏ పటాలం ఉంది అన్నదే లెక్క. 21లో మూడు ఒక్క గ్రెనేడియర్స్ రెజిమెంట్‌వే. పూనా హార్స్ అనే ఒక్క ట్యాంక్ రెజిమెంట్‌కి రెండు. కార్గిల్‌లో కెప్టెన్ విక్రమ్ బాత్రా, రైఫిల్‌మాన్ సంజయ్ కుమార్ ఇద్దరూ ఒకే 13 జాక్ (జమ్మూకాశ్మీర్) రైఫిల్స్, పాయింట్ 4875 అనే ఒకే కొండ. మనవాళ్లు ఎక్కువగా పోయే మద్రాస్ రెజిమెంట్‌కి లేదు, మా ఆర్టిలరీకీ లేదు. అంటే మేమంతా దాక్కున్నామనా?

దాని కింద పతకం చూడండి. గల్వాన్‌లో 2020 జూన్ 15 రాత్రి 16 బిహార్ పటాలాన్ని నడిపిస్తూ చనిపోయిన కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట, చదివింది కోరుకొండ సైనిక్ స్కూల్. మహావీర చక్ర ఇచ్చారు. రాష్ట్రపతి చేతుల మీదుగా ఆయన తల్లి, భార్య తీసుకున్నారు. కార్గిల్‌లో పోయిన మేజర్ పద్మపాణి ఆచార్యది ఒడియా కుటుంబం కానీ వెళ్లింది హైదరాబాద్ నుంచి, ఆయనకూ మహావీర చక్రే.

ఒక్క జీపుతో ట్యాంకులు పేల్చాడంట, అదెట్లా కుదురుతుంది?

అబ్దుల్ హమీద్. దర్జీ ఇంటి పిల్లోడు, యూపీలో గాజీపూర్ జిల్లా ధాముపూర్. 1965 సెప్టెంబర్‌లో పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్. అవతల పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు, అప్పట్లో వాటిని మించినవి లేవని పేరు. ఇవతల ఈయన జీపు మీద బిగించిన 106 ఎంఎం రీకాయిల్‌లెస్ గన్.

ఈ గన్ గురించి ఒక్క ముక్క తెలిస్తేనే ఆయన చేసింది అర్థమవుతుంది. కాలిస్తే ముందుకి గుండు, వెనక్కి పెద్ద మంట, దుమ్ము లేస్తుంది. అంటే కాల్చిన మరుక్షణం నేనిక్కడున్నాను అని చెయ్యెత్తి చెప్పినట్టే. జీపుకి ఇనుప కవచం ఉండదు. కాబట్టి ఒక దెబ్బ వేసి వెంటనే చోటు మార్చాలి, మళ్లీ చెరకు తోటలో నక్కాలి, ట్యాంకు బాగా దగ్గరికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టాలి, మళ్లీ వెయ్యాలి. హమీద్ అట్లా ఒకదాని తర్వాత ఒకటి పేల్చుకుంటూ పోయాడు. సెప్టెంబర్ 10న ఒక ట్యాంకు, ఆయన జీపు ఎదురెదురుగా ఒకదాన్నొకటి చూసుకున్నాయి, చోటు మార్చే టైమ్ లేదు.

ఇంకోటి, మనవాళ్లు కాలువలు తెంచి ఆ పొలాలన్నీ నీళ్లు పెట్టేశారు. కోవూరు మాగాణిలో కేజ్ వీల్స్ లేకుండా ట్రాక్టర్ దింపితే ఏమవుతుందో నెల్లూరు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ప్యాటన్లకీ అదే గతి. దొరికిన ట్యాంకులన్నీ తెచ్చి వరసగా పెడితే ఆ చోటుకి ప్యాటన్ నగర్ అని పేరొచ్చింది.

తుపాకీ కాల్చి చంపడం కాకుండా వేరే పనికి వచ్చిందా?

వచ్చింది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. సెకండ్ లెఫ్టినెంట్ రామా రాఘోబా రాణే, కార్వార్ వైపు మనిషి, బాంబే ఇంజినీర్స్. 1948 ఏప్రిల్‌లో నౌషేరా నుంచి రాజౌరీకి మన ట్యాంకులు పోవాలి, దారంతా మందుపాతరలు, పడగొట్టిన చెట్లు. మొదటి రోజే మోర్టార్ పడి ఆయన మనుషులు ఇద్దరు చనిపోయారు, ఆయనతో కలిపి అయిదుగురికి దెబ్బలు తగిలాయి. అయినా ఆయన వెనక్కి పోలేదు. ముందున్న ట్యాంకు కిందకి దూరి, అది కదిలే కొద్దీ దాని చక్రాల మధ్య పాకుతూ మందుపాతరలు తీశాడు. పైన డ్రైవర్‌కి ఈయన కనపడడు, మాట వినపడదు. అందుకని తాళ్లు పెట్టుకున్నారు, ఒకటి లాగితే ఆపు, ఇంకోటి లాగితే పోనీయ్. తాడు లాగడం ఒక్క క్షణం ఆలస్యమైతే మన ట్యాంకే మన మనిషి మీదకెక్కుతుంది. ఏప్రిల్ 8 నుంచి 11 దాకా సరైన తిండీ నిద్రా లేకుండా ఇదే పని. బతికుండగా ఈ పతకం అందుకున్న మొదటివాడు ఈయనే.

రోడ్డు పని అని ఎవరినీ చులకన చేయకండి అని మా సుబేదార్ సాబ్ ఈ కథ చెప్పి తిట్టేవాడు.

నేవీకి రాలేదా? మనది సముద్రం ఉన్న రాష్ట్రం కదా!

నేవీకి పరమవీర చక్ర లేదు. 1971 డిసెంబర్ 9న ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగిపోతుంటే ఓడ వదలకుండా ఉండిపోయిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకి మహావీర చక్ర ఇచ్చారు. అదే నెల మొదట్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన విశాఖ ముందే.

ఎయిర్‌ఫోర్స్‌కి ఒక్కటి. ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీద ఆరు పాకిస్తాన్ సేబర్ విమానాలు బాంబులు వేస్తుంటే ఆ రన్‌వే మీద నుంచే చిన్న నాట్ విమానం లేపాడు. విమానం శకలాలు దొరికాయి, మనిషి దొరకలేదు.

నెలకెంత ఇస్తారు?

కేంద్రం నుంచి నెలకు 20,000, 2017 నుంచి. అంతకుముందు 10,000. జీతం, పెన్షన్ కాక అదనం ఇది. రాష్ట్రాలు వేరేగా డబ్బు, స్థలం ఇస్తాయి, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం.

నాకు రెండుసార్లు రిజెక్ట్ అయింది అన్నా, వదిలెయ్యనా?

సంజయ్ కుమార్ ఢిల్లీలో టాక్సీ తోలేవాడు. ఆర్మీకి పెట్టుకున్న ప్రతిసారీ వెనక్కి పంపేవాళ్లు, పట్టు వదలకుండా పోయి పోయి చివరికి దొరికించుకున్నాడు. 1999 జూలైలో, ముందున్న బంకర్ నుంచి మెషిన్ గన్ ఎవరినీ కదలనివ్వడం లేదు. ఒంటి మీద గుళ్లు దిగినా పాక్కుంటూ పోయి ఆ బంకర్ పట్టుకుని, వాళ్ల మెషిన్ గన్‌నే తీసుకుని వాళ్ల మీదకే తిప్పాడు. నీ సంగతి నాకు తెలియదు, ముందు ఆ 1600 టైమింగ్ చూసుకో. పదో తరగతి మార్కుల లిస్టులో ఇంటిపేరు, ఆధార్‌లో ఇంటిపేరు ఒకటే ఉన్నాయో లేదో కూడా చూసుకో, సగం రిజెక్టులు అక్కడే.

అవతలివాళ్లలో మగాళ్లు లేరా?

ఉన్నారు, ఎందుకుండరు. టైగర్ హిల్ మీద 19 ఏళ్ల యాదవ్ ఒళ్లంతా గుళ్లతో కిందికి దిగొచ్చి అవతల ఏ బంకర్ ఎక్కడుందో చెప్పిన సంగతి అందరికీ తెలుసు. అదే కొండ మీద అవతల కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ అని ఒకాయన ఉన్నాడు. కర్నల్ అనేది హోదా కాదు, ఆయన పేరే అది. ఆయన పోరాడిన తీరు చూసి, శవం అప్పగించేటప్పుడు మన బ్రిగేడియర్ బాజ్వా, ఈయన చాలా ధైర్యంగా పోరాడాడు, తగిన గౌరవం ఇవ్వండి అని ఒక చీటీ రాసి ఆయన జేబులో పెట్టించాడు. పాకిస్తాన్ తన అన్నిటికంటే పెద్ద పతకం, నిషాన్-ఎ-హైదర్, ఆయనకిచ్చింది. శత్రువు రాసిన సైటేషన్ అది. నాకు తెలిసి ఆ రాతకు మించిన రాత లేదు.

1962లో సుబేదార్ జోగీందర్ సింగ్ చైనా వాళ్లకి దొరికి చనిపోతే, ఆయన అస్థికల్ని వాళ్లే సైనిక గౌరవంతో తిరిగి పంపారు. 1971లో 21 ఏళ్లకే పోయిన అరుణ్ ఖేత్రపాల్ ఉన్నాడు కదా, ట్యాంకు మండుతున్నా దిగనన్నవాడు, 2001లో వాళ్ల నాన్న తన సొంతూరు చూసుకుందామని పాకిస్తాన్ పోయాడు. అక్కడ ఆతిథ్యం ఇచ్చిన బ్రిగేడియర్, మీ అబ్బాయిని చంపింది నేనే అని రాత్రి కూర్చోబెట్టి చెప్పుకున్నాడు. అన్నేళ్లు మోసిన బరువు ఆయనకి మాత్రం లేదా.

కార్గిల్ దినోత్సవానికి ఫ్లెక్సీ వేయిస్తున్నాం, ఫొటోలు ఇస్తావా?

ఇస్తా. ఒక్క షరతు, ప్రింటింగ్‌కి పోయే ముందు నాకు చూపించండి. ఒకసారి జూలై 26కి నేనే పెన్‌డ్రైవ్‌లో పేర్లన్నీ పెట్టి ఇచ్చి పంపిస్తే, ఆ షాపు కుర్రోడు విక్రమ్ బాత్రా ఫొటో బదులు సినిమాలో ఆ వేషం వేసిన హీరో ఫొటో పెట్టాడు. ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ. సెంటర్లో కట్టాక గానీ చూసుకోలేదు. ఊరంతా వచ్చి దానికే దండ వేశారు, నేను నిచ్చెన పట్టుకుని నిలబడి చూశా.

మావాడు పోతానంటున్నాడు నాయనా, ఏమన్నా అయితే?

ఇది కొమరోలు నుంచి వచ్చిన ఒకామె అడిగింది, కొడుకు పదో తరగతి సర్టిఫికెట్ జిరాక్స్‌కి తెచ్చి. పిల్లలకి చెప్పినట్టు 21లో ఏడుగురు బతికే తీసుకున్నారు అని చెప్పబోయి ఆగా, ఆమెకి ఆ లెక్క ఎందుకు. శాంతిగా ఉన్న చోట్ల కూడా ఉంటారమ్మా, అందరూ బోర్డర్‌లోనే ఉండరు, నేను 17 ఏళ్లు చేసి మోకాళ్ల నొప్పులతో వచ్చా అన్నా. ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"నువ్వు తిరిగొచ్చినావు గదా?"

వచ్చానమ్మా అన్నా.

"అయితే ఇంకో రెండు కాపీలు తియ్యి."